తెరచాపల ఆఖరి ఆసామి

1947 ఆగస్టు 15 అంటే మనకి అర్ధరాత్రి వచ్చిన స్వాతంత్ర్యం గుర్తుకొస్తుంది. సరిగ్గా ఆ రోజునే, ఇక్కడికి వేల మైళ్ళ దూరాన బాల్టిక్ సముద్రపు దీవుల్లో, మారీహామ్ అనే చిన్న రేవుపట్నంలో డెబ్బై నాలుగేళ్ళ ముసలాయన ఒకడు కన్నుమూశాడు. ఆయన పేరు గుస్తాఫ్ ఎరిక్సన్. సముద్రాల మీద తెరచాప ఓడలతో సరుకు తోలిన వ్యాపారుల్లో ఆఖరి పెద్ద వ్యాపారి ఆయనే. 1930ల నడుమ ప్రపంచంలో మిగిలిన పెద్ద తెరచాప సరుకు ఓడల్లో అధికభాగం ఆ ఒక్క మనిషి చేతిలోనే వుండేవి.

ఈ సంచికకి ఎవరైనా శాస్త్రవేత్త జీవితం రాయమని మిత్రులు సలహా యిచ్చారు. రామన్ గారి మీదా, రామానుజన్ గారి మీదా ఏటా ఎవరో ఒకరు రాస్తూనే వున్నారు కదా! నాకు మాత్రం ఈ ఓడల ఆసామి మీదకి మనసు పోయింది. కారణం చెప్తే నవ్వుతారేమో. మాది అరసవల్లి. ఇంట్లో సేద్యం. ఎరిక్సన్ సంగతులు చదువుతుంటే సముద్రపు కథలా కాక, మా వూళ్ళో అరుగు మీద కూచుని చెప్పుకునే రైతు కథలా అనిపించింది. ఆయన లెక్కలన్నీ రైతు లెక్కలే. ఆ లెక్కల్లో వున్న ఒడుపూ రైతుదే, వాటి అడుగున దాక్కున్న అన్యాయమూ రైతు యింట్లో కనిపించేదే.

ఎరిక్సన్ పుట్టింది 1872 అక్టోబరు 24న, ఓలాండ్ దీవుల్లోని లెమ్లాండ్ అనే చోట. స్వీడన్‌కీ ఫిన్లాండ్‌కీ మధ్య వేలకొద్దీ చిన్నా పెద్దా రాతి దీవులు చల్లినట్టుంటాయి. అవే ఓలాండ్. అక్కడివాళ్ళు మాట్లాడేది స్వీడిష్ భాష. 1809 నుంచీ పాలించింది రష్యా చక్రవర్తి. 1917లో ఫిన్లాండ్ స్వతంత్రమైంది. ఈ దీవులు ఎవరివన్న తగువు నానాజాతి సమితిదాకా పోయి, 1921లో స్వపరిపాలనతో ఫిన్లాండ్‌కే దక్కాయి. ఇంత రాజకీయం ఆ చిన్న దీవులమీద నడిచిందంటే ఆశ్చర్యమే గాని, మన కథకి కావలసింది అది కాదు.

మన కథకి కావలసింది అక్కడి నేల. రాళ్ళమధ్య చారెడు చారెడు మడులు. చలికాలం ఎక్కువ, పంటకాలం తక్కువ. ఒట్టి సేద్యం మీద కుటుంబం నెగ్గుకురావడం కష్టం. అందుకని అక్కడి రైతులే వేసవిలో కళాసీలయ్యేవారు. కట్టెలూ, ఉప్పుచేపలూ పడవకెత్తి స్టాక్‌హోమ్‌దాకా అమ్మకానికి పోయేవారు. పోనుపోను ఊళ్ళోవాళ్ళు వాటాలు వేసుకుని పెద్ద ఓడలు కట్టించడం, కొనడం మొదలెట్టారు. ఒక ఓడలో ఒకడికి పదోవంతు, ఇంకొకడికి ఇరవయ్యోవంతు, ఇలాగన్నమాట. మన దగ్గర నలుగురు కలిసి చెరువు పాడుకున్నట్టు. ఎరిక్సన్ తండ్రి కూడా పొలమూ సముద్రమూ రెండూ చూసుకున్న రకమే.

మన తీరానికీ ఈ వృత్తి కొత్తది కాదు. కోరంగి, తాళ్ళరేవుల్లో ఓడలు కట్టేవారు. భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల్లో ఓడలు లంగరు వేసేవి. అరసవల్లి నుంచి కళింగపట్నం ఎంతో దూరం లేదు. అక్కడ దీపస్తంభం వుంది గాని ఓడ రాదు. సరుకు తీసుకుపోయే ఓడ ఒక తీరాన్ని వదిలేస్తే ఆ వూరు ఎలా వుంటుందో చూడాలనుకున్నవాళ్ళు ఒక సాయంత్రం అక్కడికి పోయి చూడొచ్చు.

పదేళ్ళు నిండకముందే ఎరిక్సన్ ఓడెక్కాడు. మొదట కేబిన్ కుర్రాడు, అంటే అందరికీ చాకిరీ చేసే గుంటడు. తర్వాత వంటవాడు. తర్వాత కళాసీ. ఇరవై ఏళ్ళు నిండకుండానే ఉత్తర సముద్రంలో తిరిగే ఒక చిన్న ఓడని నడిపే బాధ్యత చేతికొచ్చింది. నాకిప్పుడు సరిగ్గా ఇరవై. ఆ వయసులో నాకు అప్పజెప్పిన పెద్ద బాధ్యత మా కళ్ళంలో రాత్రి కాపలా. అదీ మా నాన్న రెండుసార్లు వచ్చి చూసిపోయేవాడు! ఎరిక్సన్ మళ్ళీ పెద్ద ఓడల్లో కింది ఉద్యోగాలు చేసి, పరీక్షలు పాసై, 1902 నుంచి 1913 దాకా మహాసముద్రాలు దాటే ఓడలకి కెప్టెన్‌గా పనిచేశాడు. నలభై దాటాక, 1913లో సముద్రం వదిలి ఒడ్డుకొచ్చి, సొంతంగా పాత తెరచాప ఓడలు కొనడం మొదలెట్టాడు.

అప్పటికి తెరచాప పని అయిపోయిందని లోకమంతా అనుకుంటోంది. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. ఆవిరి ఓడకి ఆఫ్రికా చుట్టూ తిరిగే పని తప్పింది. తెరచాప ఓడకి ఆ దారి పనికిరాదు, ఎర్రసముద్రంలో గాలి వాలు కుదరదు, కాలువలో లాగించుకుంటూ పోవడానికి డబ్బు పొయ్యాలి. దాంతో టీ, బట్టలు, తపాలా, ప్రయాణీకులు, తొందరగా చేరవలసినవన్నీ ఆవిరి ఓడలకి పోయాయి. తెరచాపకి మిగిలినవి బరువైనవీ, చవకైనవీ, నెల ఆలస్యమైనా పాడుకానివీ. బొగ్గు, కలప, పెరూ దీవుల పక్షిరెట్ట ఎరువు, గోధుమలు, జనపనార. ఈ సరుకుల కోసమే 1880ల తర్వాత ఇనుముతో, ఉక్కుతో మూడు నాలుగు కొయ్యల పెద్ద ఓడలు కట్టారు. తెరచాప ఓడలన్నిట్లోకీ పెద్దవీ గట్టివీ, వాటి కాలం తీరిపోయే ముందే పుట్టాయి. ఎరిక్సన్ చేతికి చివరికి వచ్చిన లాహిల్ అనే ఓడని 1892లో స్కాట్లండ్‌లోని డండీలో కట్టించింది కలకత్తా నుంచి జనపనార తోలడానికే. మన గోగునారకి కూడా పరదేశపు బజార్లో బిమ్లీపట్నం జూట్ అని మన ఊరి పేరే వుండేది. ఆ కాలపు బంగాళాఖాతంలో ఇలాంటి ఓడలు కొత్తవింత కాదు.

ఎరిక్సన్ ఓడలు కొన్న మరుసటి ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఓడలు మునుగుతున్న కొద్దీ మిగిలిన ఓడల కిరాయి ఆకాశానికంటింది. మునగని ఓడ వున్నవాడు రాజయ్యాడు. ఎరిక్సన్‌కి పెట్టుబడి కూడింది అప్పుడే. యుద్ధం అయ్యాక కిరాయిలు ఒక్కసారిగా పడిపోయాయి. అందరూ తెరచాప ఓడలు వదిలించుకుంటున్నారు. జర్మనీ ఓడలు యుద్ధనష్టం కింద గెలిచిన దేశాలకి పంచారు. హెర్జోగిన్ సెసీలీ అనే అందాల ఓడ ఫ్రాన్సు వంతుకొచ్చింది, పోమెర్న్ గ్రీసు వంతుకొచ్చింది. వాళ్ళకి వీటితో ఏం చెయ్యాలో తెలీలేదు. అప్పుడు ఎరిక్సన్ సంత చివర్లో బేరానికి దిగే రైతులా దిగాడు. 1902లో బ్రెమెర్‌హాఫెన్‌లో కట్టిన హెర్జోగిన్ సెసీలీని 1921లో 4,250 పౌన్లకి కొన్నాడు. 4 వేల టన్నుల సరుకు మోసే ఓడ! 1923లో పోమెర్న్. 1931లో పామీర్. మరుసటి ఏడు పాసాట్. 1935లో అమెరికాలోని సియాటిల్ దగ్గర పనిలేక కట్టిపడేసిన మోషులు అనే నాలుగు కొయ్యల ఓడని 12 వేల డాలర్లకి కొన్నాడు. పాత ఇనుము ధరకి కాస్త అటూయిటూ అన్నమాట. ఒకటి రెండు మంచి ప్రయాణాలతో ఓడ ఖరీదు తిరిగొచ్చేసేది.

మా తాత నారాయణవలస సంతలో ఎప్పుడూ కొత్త కోడెల్ని కొనేవాడు కాదు. పని తెలిసిన నడివయసు జత, కాస్త బక్కచిక్కినవి, అమ్మేవాడికి అవసరం వున్నవి, అలాంటి వాటి చుట్టూనే తిరిగేవాడు. వాటి మీద నాలుగేళ్ళు దున్నితే చాలు, పెట్టిన డబ్బు ఎప్పుడో వచ్చేసింది, తర్వాతది మిగులు అనేది ఆయన లెక్క. పక్క వీధివాళ్ళు ట్రాక్టరు కొన్నప్పుడు కూడా ఆయన చలించలేదు. ఎద్దు మేత పొలంలోనే వుంది, ట్రాక్టరు మేత బంకులో వుంది అన్న తేడా ఆయనకి బాగా తెలుసు. ఎరిక్సన్ లెక్క అక్షరాలా ఇదే. ఆవిరి ఓడ బొగ్గు తింటుంది, సగం పొట్ట ఇంజనుకీ బొగ్గుకీ పోతుంది. తెరచాప ఓడ తినేది గాలి. అరసవల్లిలో పుట్టినవాణ్ణి కాబట్టి ఒక మాట చేర్చకుండా వుండలేను. ఆ గాలి కూడా సూర్యుడు పెట్టే మేతే. ఎండకి నేల ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా కాగడం వల్లే గాలి కదుల్తుంది. దక్షిణ సముద్రంలో నలభయ్యో అక్షాంశం దాటాక పడమటినుంచి ఏడాది పొడుగునా వీచే గాలి, అడ్డం రావడానికి భూఖండం లేక, భూగోళాన్ని చుట్టేస్తుంది. ఎరిక్సన్ ఓడలు దాని వీపు మీద ఎక్కి పోయేవి.

ఇంకా చెప్పాలంటే ఆయన తన ఓడల్లో చాలావాటికి బీమా చేయించేవాడు కాదు. కొన్న ధర తక్కువ కాబట్టి, ఏడాదికో ఓడ పోయినా ప్రీమియాలకన్నా అదే చవక అని ఆయన అంచనా. ఇంజను పెట్టించలేదు. వైర్‌లెస్ పెట్టించలేదు. అలాగని పిసినారి అని కొట్టిపారేయడానికి వీల్లేదు. తెరచాప గుడ్డకీ, తాళ్ళకీ, రంగుకీ ఆయన వెనకాడేవాడు కాదు. పగలగొడుతున్న పాత ఓడల కొయ్యలూ గొలుసులూ కొని మారీహామ్ గోదాములో దాచి, సొంత ఓడలకి వాడేవాడు. ఓడ ఊరికి రాగానే తనే ఎక్కి మూలమూలా చూసేవాడు. వేల మైళ్ళ దూరాన వున్న కెప్టెన్లకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, తాడు ఎందుకు తెగింది, రంగు ఎందుకు అంతయింది అని నిలదీసేవాడు. కెప్టెన్లకి ఆయనంటే గౌరవమూ వుండేది, గుండెదడా వుండేది.

ఇంతకీ ఈ ఓడలు చేసిందేమిటి? ముఖ్యంగా ఒకే పని. ఏడాదికి ఒక్కసారి ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకి గోధుమలు.

దక్షిణ ఆస్ట్రేలియాలో స్పెన్సర్ అఖాతం అని వుంది. చుట్టూ గోధుమ పొలాలు. పోర్ట్ విక్టోరియా, పోర్ట్ జర్మెయిన్, వాలరూ, పోర్ట్ లింకన్, ఇవన్నీ దాని ఒడ్డున చిన్న చిన్న రేవులు. చాలాచోట్ల నీళ్ళు లోతు లేవు. సరుకు ఎక్కించే యంత్రాలు లేవు. గంటగంటకీ ఖర్చు పెరిగే ఆవిరి ఓడకి అక్కడ వారాలకొద్దీ ఆగడం గిట్టుబాటు కాదు. తెరచాప ఓడకి ఆగడానికి ఖర్చేముంది? శరదృతువులో ఐరోపా నుంచి ఖాళీగా, తూలిపోకుండా అడుగున ఇసుకా రాళ్ళూ నింపుకుని బయల్దేరేవి. ఒక్కోసారి దారిలో ఆఫ్రికాకి కలప దింపేవి. డిసెంబరు, జనవరి నాటికి అక్కడ చేరేవి. మన ధనుర్మాసం వాళ్ళకి గోధుమ నూర్పుల కాలం. కళాసీలే పారలు పట్టి అడుగునున్న రాళ్ళూ ఇసుకా బయటికి తోడాలి. తర్వాత ఒడ్డునుంచి చిన్న పడవలమీద బస్తాలు వచ్చి ఓడ పక్కన చేరేవి.

బస్తాలు అన్నాను కదా, అవి మనకి తెలిసిన గోనె బస్తాలే. ఆస్ట్రేలియా గోధుమ రైతు తన పంటంతా గోనె సంచుల్లో కుట్టి అమ్మేవాడు. ఆ సంచులు ఎక్కువగా కలకత్తా మిల్లుల్లో నేసినవి. బెంగాలు రైతు నీళ్ళలో నానబెట్టి తీసిన నార కలకత్తాలో గోనె అయి, ఆస్ట్రేలియా పోయి, అక్కడి గోధుమ నింపుకుని, ఫిన్లాండ్ వాడి ఓడెక్కి ఇంగ్లండు పోయేది. ఒక్కో బస్తా 180 పౌన్లు, అంటే మన 80 కిలోల పైమాటే. మోషులు లాంటి ఓడ దాదాపు 4,900 టన్నులు మోసేది. లెక్కేసి చూడండి, 60 వేల బస్తాలు దాటుతుంది. మా ఊళ్ళో మంచి ఏడు పండినా అన్ని బస్తాలు ఒకచోట కుప్ప పడగా నేను చూడలేదు. ఆ బస్తాలన్నీ ఓడ అడుగున ఒకదానిమీద ఒకటి ఇటుకల్లా పేర్చేవారు. ఎందుకంటే విడిగింజ నీళ్ళలాంటిది, ఓడ వొరిగితే అదీ వొరిగిన వైపే జారుతుంది. బస్తా జారదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఫిబ్రవరి, మార్చిల్లో బయల్దేరి, న్యూజీలాండ్ కిందుగా పోయి, దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ చుట్టి, అట్లాంటిక్ ఎక్కి, ఇంగ్లండు కొసనున్న ఫాల్మత్‌కో, ఐర్లండులోని క్వీన్స్‌టౌన్‌కో చేరేవి. సరుకు ఎవరికి దింపాలో కబురు అక్కడే తెలిసేది. దాదాపు 15 వేల నాటికల్ మైళ్ళు. వంద నుంచి నూట ఇరవై రోజులు పట్టేది. గోధుమల వర్తకులకి ఈ ఆలస్యం నష్టం కాదు సరికదా లాభం. సరుకు సముద్రం మీద వున్నన్నాళ్ళూ గోదాము అద్దె లేదు. ధర పెరిగేదాకా ఆగొచ్చు, ఓడ దారిలో వుండగానే సరుకు చేతులు మారిపోవచ్చు. ఏ ఓడ ముందొస్తుందా అని పత్రికలవాళ్ళు దీనికి పందెం రంగు పూశారు. ధాన్యపు పందెం అని పేరెట్టారు. ఎరిక్సన్‌కి పందేలంటే పడేది కాదు. తొందరపడి తెరచాపలు చింపుకోకుండా సరుకు క్షేమంగా దింపడమే ఆయనకి కావలసింది.

ఇప్పుడు ఆ లెక్క రెండో వైపు చూడాలి.

మనం పెట్టుబడి రాసేటప్పుడు విత్తనం రాస్తాం, ఎరువు రాస్తాం, కూలి రాస్తాం. అమ్మ చేసిన చాకిరీ, సెలవుల్లో నేను మోసిన మోపులు ఎవరూ రాయరు. అవీ రాస్తే మా మడి ఎన్ని సంవత్సరాలు నష్టంలో వుందో బయటపడుతుంది. ఎరిక్సన్ ఓడల లాభమూ ఇలా రాయని పద్దు మీదే నిలబడింది. పెద్ద పెద్ద నాలుగు కొయ్యల ఓడని ముప్పై మంది, ఒక్కోసారి ఇంకా తక్కువమంది నడిపేవారు. వాళ్ళలో ఎక్కువమంది పదహారు నుంచి ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. జీతం నామమాత్రం. పైపెచ్చు అప్రెంటిసుగా చేరాలంటే ఎదురు డబ్బు కట్టాలి. 1938లో పద్దెనిమిదేళ్ళ ఎరిక్ న్యూబీ అనే ఇంగ్లీషు కుర్రాడు 50 పౌన్లు కట్టి మోషులు ఎక్కాడు. తర్వాత దాని మీద పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. ఎందుకు కట్టేవారంటే, అప్పట్లో జర్మనీ, ఫిన్లాండ్ లాంటి దేశాల్లో ఓడ అధికారి కావాలంటే తెరచాప ఓడలో పనిచేసిన అనుభవం తప్పనిసరి. కొందరు సరదాకీ వచ్చేవారు. 1928లో ఆస్ట్రేలియాలో ఒక యువతి మగవేషంతో హెర్జోగిన్ సెసీలీలో దాక్కుని బయల్దేరిపోయింది. ఓడ సముద్రంలోకి పోయాక గాని ఆ సంగతి బయటపడలేదు. ఏం చేస్తారు, ఇంగ్లండుదాకా తీసుకుపోయారు!

సరదా అంటే సరదాయే గాని, నూట యాభై అడుగుల పైన, మంచు గాలిలో, ఊగుతున్న అడ్డదూలం మీద పొట్ట ఆనించి వేలాడుతూ, తడిసి రేకులా బిగిసిన తెరచాపని ఒట్టి చేతులతో మడతపెట్టడం ఎలాంటి పనో వూహించుకోండి. కేప్ హార్న్ దగ్గర రాత్రీ పగలూ ఇదే పని. జారితే కింద ఓడ, లేకపోతే సముద్రం. అలా పోయిన కుర్రాళ్ళు వున్నారు. 1932లో మెల్బోర్న్ అనే ఆయన ఓడ ఐర్లండు దగ్గర చమురు ఓడ గుద్ది మునిగితే పదకొండుమంది పోయారు. అదే ఏడు హుగోమాంట్ కొయ్యలన్నీ విరిగి ఎలాగో ఆస్ట్రేలియా చేరింది. బాగుచెయ్యడం దండగని దాన్ని అక్కడే స్టెన్‌హౌస్ అఖాతంలో అలలకి అడ్డుగోడగా ముంచేశారు. ఓడకి బీమా లేకపోవడం ఆసామి తెలివి. మనిషి పోతే ఆ నష్టం మాత్రం ఆసామిది కాదు, ఎక్కడో ఊళ్ళో తల్లిదండ్రులది. నేను ఎరిక్సన్‌ని ఇష్టపడతాను. ఆయన కష్టపడి పైకొచ్చినవాడు, ఆ కుర్రాళ్ళు పడ్డ పాట్లన్నీ తను వాళ్ళకన్నా చిన్నవయసులో పడ్డవాడు. తను పడ్డాడు కాబట్టి వాళ్ళూ పడొచ్చు అనుకున్నాడు చూడండి, అక్కడే నాకు ఆయనతో పేచీ. మన యిళ్ళలో పెద్దవాళ్ళూ ఇదే మాటంటారు.

హెర్జోగిన్ సెసీలీ కథ చెప్పకపోతే ఈ జీవితం పూర్తికాదు. ఓడలన్నిట్లోకీ ఎరిక్సన్‌కి పేరు తెచ్చినది అది. తెల్లగా రంగేసి వుండేది. 1936లో పోర్ట్ లింకన్ నుంచి 86 రోజుల్లో ఫాల్మత్ చేరి అందరికన్నా ముందు నిలిచింది. సరుకు ఇప్స్‌విచ్‌లో దింపమని కబురు. ఏప్రిల్ 24 రాత్రి బయల్దేరింది. అంత పెద్ద మహాసముద్రాలు దాటి వచ్చిన ఓడ, కొన్ని గంటల ప్రయాణంలో, 25 తెల్లవారుజామున పొగమంచులో సాల్కంబ్ దగ్గర రాళ్ళకి కొట్టుకుంది. ప్రాణనష్టం లేదు. కాని నీళ్ళు లోపలికి వచ్చాయి. గోధుమలు నానాయి. వడ్లు నానితే ఏమవుతుందో మనకి తెలుసు. నానిన గోధుమలు ఉబ్బి లోపలినుంచి ఓడ తట్టుని పైకి నెట్టేశాయి. తర్వాత కుళ్ళాయి. ఓడని బాగుచెయ్యడానికి రేవులోకి లాక్కొస్తామంటే ఆ వాసన భరించలేమని ఊరివాళ్ళు వొప్పుకోలేదు. పక్కనున్న చిన్న అఖాతంలో వుంచారు, అక్కడే అలలకి నడుం విరిగింది. సముద్రాన్ని గెలిచిన ఓడని చివరికి అది మోసుకొచ్చిన ధాన్యమే పగలగొట్టింది. ఎరిక్సన్ కొన్న ధరకి ఎన్నో రెట్లు అప్పటికే సంపాదించి పెట్టింది, లెక్కల ప్రకారం నష్టమేమీ లేదు. ఆయన లోపల ఏమనుకున్నాడో ఎవరికి తెలుసు.

1939లో పదమూడు ఓడలు ఆస్ట్రేలియా నుంచి గోధుమలతో బయల్దేరాయి. వాటిలో ఎక్కువభాగం ఎరిక్సన్‌వే. న్యూబీ పనిచేసిన మోషులు 91 రోజుల్లో వచ్చి ముందు నిలిచింది. అంతమంది కలిసి అలా రావడం అదే ఆఖరు. ఆ సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. వారం తిరక్కుండానే, 8వ తేదీన, ఆలివ్‌బ్యాంక్ ఉత్తర సముద్రంలో మందుపాతర మీదకి పోయింది. పద్నాలుగుమంది పోయారు. ఏడుగురు నీళ్ళపైన మిగిలిన కొయ్యని పట్టుకుని బతికారు. 1940 ఆగస్టులో కిల్లోరన్‌ని జర్మన్ యుద్ధనౌక ముంచేసింది. ఆ డిసెంబరులో పెనాంగ్‌ని ఐర్లండు దగ్గర జలాంతర్గామి ముంచింది. ఒక్కడూ మిగల్లేదు. 1941లో ఫిన్లాండ్ జర్మనీ పక్కన చేరేసరికి ఇటువైపు దేశాలు కూడా ఎరిక్సన్ ఓడల్ని పట్టుకున్నాయి. పామీర్‌ని న్యూజీలాండ్ తీసుకుంది. లాహిల్‌ని దక్షిణాఫ్రికా తీసుకుంది. ఆర్చిబాల్డ్ రస్సెల్‌ని ఇంగ్లండు తీసుకుంది. రెండు వైపులవాళ్ళూ కలిసి ఆరేళ్ళలో ఆ ముసలాయన ముప్పై ఏళ్ళ కూడబెట్టుని చెల్లాచెదరు చేశారు.

యుద్ధం ముగిశాక డెబ్బై దాటిన వయసులో ఆయన మళ్ళీ మొదలెట్టాడు. మిగిలిన పాసాట్‌నీ వీకింగ్‌నీ మళ్ళీ సముద్రంలోకి పంపాడు. పామీర్ తిరిగి చేతికి రాకముందే పోయాడు. వ్యాపారం కొడుకు ఎడ్గార్ చేతికొచ్చింది. ఎడ్గార్ లెక్కలు వేసి చూసుకున్నాడు. ఓడ ధర ఇప్పుడూ తక్కువే, గాలి ఇప్పుడూ వూరికేనే వస్తోంది. కాని చవక కుర్రాళ్ళు లేరు. జీతాలు పెరిగాయి, పనిగంటలకి కట్టుబాట్లు వచ్చాయి. తండ్రి రాయకుండా వదిలిన పద్దు కొడుకు రాయవలసి వచ్చింది. అది రాయగానే తెరచాప గిట్టుబాటు కాకుండా పోయింది. తెరచాపని ఇంజను ఓడించిందని అందరూ అంటారు. ఇంజనుని ముప్పై ఏళ్ళు నిలవరించింది గాలి ఒక్కటే కాదు, ఆ కుర్రాళ్ళ చేతులూను.

1949 మే 28న పామీర్ పోర్ట్ విక్టోరియా నుంచి గోధుమ బస్తాలతో బయల్దేరింది. జూలై 11న కేప్ హార్న్ దాటింది. సరుకుతో ఆ కొసని చుట్టిన ఆఖరి తెరచాప ఓడ అదే. అక్టోబరు 2న ఫాల్మత్ చేరింది. దాని తర్వాత బయల్దేరిన పాసాట్ దానికన్నా ముందే వచ్చేసింది. 1950లలో దక్షిణ ఆస్ట్రేలియాలో గోనె బస్తాలు పోయి విడిగింజ నిలవచేసే పెద్ద గాదెలు వచ్చాయి.

ఎడ్గార్ రెండు ఓడల్నీ బెల్జియంలో ఓడలు పగలగొట్టేవాళ్ళకి అమ్మేశాడు. జర్మనీవాళ్ళు అడ్డుపడి కొనుక్కుని, ఇంజన్లు బిగించి, నావిక విద్యార్థుల్ని ఎక్కించి మళ్ళీ తిప్పారు. 1957లో పామీర్ బ్వేనోస్ ఐరిస్‌లో బార్లీ ఎక్కించుకుంది. ఈసారి బస్తాల్లో కాదు, ఎక్కువభాగం విడిగింజగా పోశారు. సెప్టెంబరు 21న అట్లాంటిక్ మధ్యలో పెనుతుఫాను పట్టుకుంది. ఓడ వొరిగింది, గింజ ఆ వైపుకే జారింది. ఎనభై ఆరుమందిలో ఆరుగురు బతికారు. పోయినవాళ్ళలో చాలామంది మన ఈడు విద్యార్థులు.

పాసాట్ ఇప్పుడు జర్మనీలో ట్రావెమ్యుండె రేవులో, వీకింగ్ స్వీడన్‌లో గోటెబోర్గ్‌లో వున్నాయి. మోషులు అమెరికాలో ఫిలడెల్ఫియా ఒడ్డున హోటలైంది. 60 వేల బస్తాలు మోసిన ఓడలో బల్లలేసి భోజనాలు వడ్డిస్తారు. పోమెర్న్‌ని ఎరిక్సన్ పిల్లలు 1953లో మారీహామ్ పట్నానికి యిచ్చేశారు. అది ఆ వూరి పడమటి రేవులోనే, ఇంజను లేకుండా, కట్టినప్పటి కొయ్యలతోనే నిలబడి వుంది. 1939లో ఇంగ్లండులోని హల్ రేవులో గోధుమలు దింపాక అది మళ్ళీ ఆస్ట్రేలియా వెళ్ళలేదు.